గంటకప్ప పిలుపు

వాన అప్పుడే వెలిసింది. చూరు నుంచి జారే నీళ్ళు కింద పెట్టిన బకెట్లో టప్ టప్‌మని పడుతున్నాయి. వంటగదిలో పీట మీద కూర్చుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, పిచ్చుక కళ్ళు మూసుకుని వాగు చప్పుడు వింటోంది. ఎదురుగా అత్తయ్య ఉల్లిపాయలు తరుగుతోంది. పొయ్యి మీద టీ మరుగుతోంది.

పిచ్చుక అసలు పేరు కాదు. చిన్నప్పుడు బొత్తిగా అరచేతిలో పట్టేంత ఉండేదని మేనమామ పెట్టిన పేరు. ఇప్పుడు ముప్పై దాటింది, ఆఫీసులో అందరూ "మేడమ్" అంటారు. అయినా ఆ ఇంటి గడప తొక్కిందంటే మళ్ళీ పిచ్చుకే.

ఆమె ఉద్యోగం కప్పల్ని లెక్కపెట్టడం. వినేవాళ్ళు ముందు నవ్వుతారు, తర్వాత జీతం ఇస్తారా అని అడుగుతారు. ఇస్తారు. వన్యప్రాణుల ఆఫీసు వాళ్ళు ప్రతి వానాకాలం ఆమెని కొండల్లోకి పంపిస్తారు. వాగు ఒడ్డున చెట్టుకి చిన్న రికార్డరు పెట్టె కట్టి వస్తుంది. అది తెల్లవార్లూ వింటుంది. పగలు ఆమె అదంతా మళ్ళీ విని, ఏ జాతి కప్ప ఎన్నిసార్లు అరిచిందో రాసుకుంటుంది. దొరికినవాటిని పట్టి, కొలిచి, గుర్తు పెట్టి వదిలేస్తుంది. ఒక్కో జాతికి ఒక్కో గొంతు. బోదురుకప్ప గొంతు గట్టున కూర్చుని దగ్గే ముసలాయన గొంతులా ఉంటుంది, చెట్టుకప్ప నవ్వాపుకోలేని పిల్లలా కిచకిచమంటుంది. ఈ విద్య ఆమెకి ఏ కాలేజీలోనూ అబ్బలేదు. ఈ వాగు ఒడ్డునే, మామయ్య భుజాల మీద కూర్చుని నేర్చుకుంది.

మామయ్య వాళ్ళది వాగుని నమ్ముకుని బతికిన కులం. తొలి వానలు పడగానే కప్పలు పట్టి తినడం వాళ్ళకి తాతల కాలం నుంచీ ఉన్నదే. ఉప్పూ కారం పట్టించి నిప్పుల మీద కాల్చిన కప్ప కాళ్ళు పిచ్చుక కూడా లొట్టలేసుకుంటూ తిన్నదే. కానీ దానికో పద్ధతి ఉండేది. గుడ్లతో బరువుగా ఉన్నదాన్ని ముట్టుకోకూడదు. అరచేతి కంటే చిన్నదాన్ని వదిలెయ్యాలి. బుట్ట సగం నిండిందంటే, వెనకాల ఎన్ని అరుస్తున్నా సరే, తిరుగు ముఖం పట్టాలి. చెప్పిన మాట వినని పిల్లల్ని మర్నాడు బుట్ట ముట్టుకోనిచ్చేవాళ్ళు కాదు.

మామయ్యని ఊరంతా "పిలుపాయన" అనేవాళ్ళు. అందరూ కప్పల్ని వెతుక్కుంటూ వెళ్ళేవాళ్ళు. ఆయన మాత్రం రాతి మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, పెదాలు కాస్త ముడిచి పిలిచేవాడు. ఏ కప్పని ఆ కప్ప గొంతుతోనే. అవే గెంతుకుంటూ వచ్చేవి. అందులోనూ గంటకప్పని పిలవడం ఆయన ఒక్కడికే చేతనైన పని. నిమ్మకాయంత కప్ప, వీపు నల్లగా నిగనిగలాడుతుంది. కంచు గంటని గోటితో మెల్లగా కొడితే ఎలా మోగుతుందో అలా అరుస్తుంది. మూడుసార్లు. టింగ్... టింగ్... టింగ్. ఆ వాగులో తప్ప ఇంకెక్కడా ఉన్నట్టు ఎవరూ చెప్పలేదు. గంటకప్ప మాత్రం అరచేతి లెక్కకి రాదు. దాన్ని ఎవరూ పట్టేవాళ్ళు కాదు, పిలిచి, చూసి, వదిలేసేవాళ్ళు.

ఏడేళ్ళ కిందట గోనెసంచులతో ఒకాయన వ్యాను వేసుకుని వచ్చాడు. పట్నంలో పెద్ద హోటళ్ళలో కప్ప కాళ్ళకి గిరాకీ బాగా ఉందన్నాడు. బుట్టలు పోయి సంచులు వచ్చాయి. గుడ్లున్నదీ లేనిదీ ఎవరూ చూడలేదు, చిన్నదా పెద్దదా ఎవరూ కొలవలేదు. గంటకప్పలైతే బతికున్నవి కావాలన్నాడు, గాజుపెట్టెల్లో పెంచుకునేవాళ్ళు ఉన్నారట. ఊళ్ళో అందరూ పట్టారు. మామయ్య కూడా పిలిచాడు. అవి ఎప్పటిలాగే నమ్మి వచ్చాయి. నాలుగు వానాకాలాలు తిరిగేసరికి వాగు మూగబోయింది.

ఇప్పుడు ఆఫీసులో ఒక ఫైలు సంతకానికి సిద్ధంగా ఉంది. ఈ కొండల్లో ఏ వాగులోనూ ఎవరూ కప్పని ముట్టుకోకూడదు, అంతే. సంచులాయన అయినా ఒకటే, వంటకి నాలుగు పట్టుకునే ముసలమ్మ అయినా ఒకటే. పిచ్చుక ఆఫీసరుతో గట్టిగానే వాదించింది.

"సార్, వందల ఏళ్ళు తిన్నా తరగని వాగు నాలుగేళ్ళలో తరిగిందంటే తప్పు బుట్టదా, సంచిదా?"

"నాకూ తెలుసమ్మా. కానీ పైవాళ్ళకి మీ మేనమామ ముచ్చట్లు చెప్పలేను కదా. ఆ వాగులో కాపాడాల్సింది ఒక్కటి మిగిలుందని చూపించండి. అప్పుడు ఆ వాగుకి మీ బుట్ట పద్ధతితోనే విడిగా రాద్దాం. సోమవారం దాకా ఆగుతాను."

ఇవాళ శనివారం.

పిచ్చుక వింటున్నది నిన్న సాయంత్రం పెట్టె పట్టిన చప్పుడు. గంటన్నరగా నీళ్ళ గలగల తప్ప ఏమీ లేదు. అత్తయ్య టీ గ్లాసు ముందు పెట్టి, "చల్లారిపోతుంది తాగు" అంది. పిచ్చుక గ్లాసు అందుకోబోయింది. చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

టింగ్... టింగ్... టింగ్.

వెనక్కి తిప్పి మళ్ళీ విన్నది. అదే. సందేహం లేదు. పీట మీద నుంచి లేచిన ఊపుకి గ్లాసు దొర్లిపోయింది.

"అత్తయ్యా! గంటకప్ప! బతికే ఉంది అత్తయ్యా!"

అత్తయ్య చేతిలో కత్తి ఆగింది. ఆమె ముఖంలో సంతోషమేమీ కనిపించలేదు. గుమ్మం వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి, "మీ మామయ్యకి చెప్పకు" అంది.

అప్పటికే మామయ్య గుమ్మంలో ఉన్నాడు. తల తుడుచుకుంటున్న తువ్వాలు అలాగే భుజం మీద వేసుకుని లోపలికి వచ్చి, చెయ్యి చాపాడు. పిచ్చుక ఇయర్‌ఫోను ఇచ్చింది. విన్నాడు.

"మళ్ళీ పెట్టు."

నాలుగుసార్లు విన్నాడు. ప్రతిసారీ ముఖంలో రంగు కొంచెం కొంచెం దిగిపోయింది.

"అది కప్ప కాదు" అన్నాడు.

"నాకు తెలీదా మామయ్యా ఆ గొంతు?"

"మూడో దెబ్బ అయ్యాక విను. చివర్లో."

పిచ్చుక చప్పుడు పెంచి విన్నది. మూడో టింగ్ తర్వాత, వెంట్రుకవాసి సందులోంచి గాలి జారినట్టు ఏదో ఉంది. స్స్...

మామయ్య పై పెదవి వేలితో ఎత్తి చూపించాడు. ముందు పన్ను సగం విరిగి ఉంది. పడుచు వయసులో పాచి రాతి మీద జారిపడినప్పుడు విరిగింది. "అప్పట్నుంచీ పిలుపు చివర ఇలా గాలి పోతుంది నాకు. ఎంత ఆపుకున్నా ఆగదు. కప్పలు పట్టించుకునేవి కావనుకో. గంటకప్పకి పళ్ళు ఊడటాలు విరగటాలు ఉండవు కదా అమ్మడూ."

పిచ్చుక ఇయర్‌ఫోను లాగేసింది. "అంటే నువ్వే వెళ్ళి పిలిచావా? నన్ను ఆటపట్టించడానికా?"

"నేను ఆ రాయెక్కి మూడేళ్ళు. నీ మీద ఒట్టు."

బకెట్లో నీళ్ళు టప్ టప్‌మని పడుతూనే ఉన్నాయి.

పిచ్చుక చదువుకున్న మనిషి. పెట్టెలోకి గాలి దూరి ఉంటుందనుకుంది. మిగిలిన ఒక్క కప్పా ముసలిదై గొంతు పాడైందేమో అనుకుంది. ఎవరో పిల్లలు మామయ్యని అనుకరిస్తున్నారేమో అని కూడా అనుకుంది. ఏదైనా సరే, కళ్ళతో చూస్తే గానీ తేలదు. ఫొటో తీస్తే ఆఫీసరు కాదనలేడు. రేపు కుండపోతగా పడుతుందంటున్నారు, వాగు పొంగితే ఇంకేం చూస్తాం? ఇంకా ఆరు కూడా కాలేదు.

"దీపాలు పెట్టే వేళకి వచ్చేస్తాను" అంటూ బూట్ల తాళ్ళు కట్టుకుంది.

"వెళ్ళద్దు."

"మామయ్యా, ఈ ఒక్క సాయంత్రం పోతే మన వాళ్ళ నోటి దగ్గర కూడు పోయినట్టే. నువ్వు అర్థం చేసుకోకపోతే ఎవరు చేసుకుంటారు?"

ఆయన గూట్లోంచి టార్చిలైటు తీసి జేబులో వేసుకున్నాడు. "వాగుని మూగ చేసింది నేను. నిన్ను ఒంటరిగా పంపిస్తానా?" అన్నాడు.

అత్తయ్య గడప దాకా వచ్చింది. వాళ్ళు మలుపు తిరిగేదాకా తలుపు వెయ్యలేదు.

వాగుకి దారి మామయ్య వాళ్ళ పెరటి వెనక నుంచే. మబ్బులు కమ్మడంతో వెలుతురు అప్పుడే తగ్గుతోంది. కాళ్ళ కింద నానిన ఆకులు మెత్తగా దిగబడుతున్నాయి. కుళ్ళిన ఆకుల వాసన, తడిమట్టి వాసన, వాటి అడుగున ఇంకేదో... తుప్పుపట్టిన ఇనుము నోట్లో పెట్టుకున్నట్టు ఉండే వాసన. వాన వెలిసిన సాయంత్రం వాగు ఒడ్డున చెవులు చిల్లులు పడాలి. కీచురాళ్ళు, పురుగులు, గూళ్ళకి చేరే పిట్టలు. ఒక్కటీ లేదు. కప్పలు లేకపోతే దోమలైనా ముసరాలి. అవీ లేవు. నీళ్ళు మాత్రం రాళ్ళ మధ్య ఎవరికీ వినిపించకూడదన్నట్టు పారుతున్నాయి.

మొదటి మడుగు దగ్గర చెట్టుకి కట్టిన రికార్డరు పెట్టె అలాగే ఉంది. చిన్న ఎర్రదీపం వెలుగుతోంది. పిచ్చుక పట్టీ సరిచూస్తుండగా వినిపించింది.

టింగ్... టింగ్... టింగ్.

పైనుంచి, రెండో మడుగు వైపు నుంచి. యంత్రంలో కాదు, గాలిలో, స్పష్టంగా. మూడేళ్ళ తర్వాత ఆ చప్పుడు వినేసరికి పిచ్చుకకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"విన్నావా మామయ్యా?"

ఆయన ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ఆ చెయ్యి చల్లగా ఉంది.

రెండో మడుగు దగ్గరికి వెళ్ళేసరికి పిలుపు అక్కడ లేదు. మూడో మడుగు నుంచి వస్తోంది. ఇద్దరూ రాళ్ళు పట్టుకుని ఎక్కారు. దారి సన్నబడింది. రెండు వైపులా గట్లు ఎత్తుగా లేచి, పైన చెట్ల కొమ్మలు కలిసిపోయి, ఆకాశం ఒక చీలిక మాత్రం కనిపిస్తోంది. పిచ్చుక తలకి కట్టుకున్న లైటు వేసింది. ఆ వెలుగులో నల్లటి రాళ్ళు, వాటి మీద పాచి, తోకకప్పల జాడైనా లేని నీళ్ళు.

టింగ్... టింగ్... టింగ్.

"పద, పద" అంది పిచ్చుక. ఇంకో పది అడుగులు. ఇంకో మలుపు.

మామయ్య ఆగిపోయాడు.

"అమ్మడూ, నేను కప్పని ఎలా పిలుస్తానో చెప్పు" అని గుసగుసగా అడిగాడు.

"ఇప్పుడా?"

"చెప్పు."

"ముందు గట్టిగా పిలవాలి, దూరాన ఉన్నవాటికి వినపడాలి కాబట్టి. అవి దగ్గరికి వచ్చేకొద్దీ గొంతు తగ్గించాలి. దగ్గర్లో గట్టిగా అరిస్తే బెదిరిపోతాయి. ఇంకా దగ్గరికొస్తే ఇంకా మెల్లగా. చివరికి గొంతు ఉండకూడదు, ఊపిరి మాత్రమే ఉండాలి. నువ్వు నేర్పిందే కదా..."

"మరి విను."

విన్నది.

టింగ్... టింగ్... టింగ్.

ఇందాకటి కంటే తగ్గింది.

"దూరంగా వెళ్ళిపోతోందేమో మామయ్యా."

"దూరంగా పోతే ఊపిరి వినపడుతుందా?"

అవును. స్స్... అది వినపడుతోంది. ఇందాక మొదటి మడుగు దగ్గర వినపడలేదు. ఇప్పుడు టింగ్ కంటే స్స్... ఎక్కువగా వినపడుతోంది.



ఇద్దరూ కదల్లేదు. వాళ్ళు ఆగగానే పిలుపు కూడా ఆగింది. ఎదురుచూస్తోంది. పిలిచేవాడు ఎలా ఎదురుచూస్తాడో పిచ్చుకకి తెలుసు. చిన్నప్పుడు ఎన్నిసార్లు చూసిందో. ఒళ్ళు కదలనివ్వకుండా, రెప్ప వాల్చకుండా, పెదాల మీద సన్నటి నవ్వుతో. కప్ప అడుగు ముందుకు వేసేదాకా.

టింగ్.

ఒక్కటే. ఈసారి ముందు నుంచి కాదు. పక్కనే ఉన్న మడుగులోంచి. వంగితే చెయ్యి అందేంత దగ్గర.

తర్వాత అదీ లేదు. ఊపిరి మాత్రమే.

స్స్...

"వెనక్కి" అన్నాడు మామయ్య. పెదాలు కదిలాయంతే. "మెల్లగా. నీళ్ళకేసి చూడకు."

చూడకు అంటే చూడకుండా ఎవరుండగలరు? పిచ్చుక చూసింది.

మడుగు అడుగున వెలుగు తెరుచుకుంది. గుండ్రంగా, పచ్చగా, మెత్తగా. రెప్ప ఎత్తినట్టు. టార్చి వెలుగు కాదు. చంద్రుడు అసలు లేడు. అది నేరుగా ఆమె కళ్ళలో పడింది.

పరుగెత్తాలనుకుంది. కాళ్ళు ఆమె మాట వినలేదు.

రాత్రివేళ కప్పని పట్టే పద్ధతి అదే. పిలిచి దగ్గరికి రప్పించుకోవాలి. కళ్ళలో వెలుగు కొట్టాలి. అది కొయ్యబారిపోతుంది. దాని గొంతు కింద చర్మం మాత్రం ఎగిరెగిరి పడుతుంటుంది. అప్పుడు వెనక నుంచి చెయ్యి వేసి నడుము దగ్గర పట్టుకోవాలి. ఇవి ఎంత తెలివితక్కువవి, ఎందుకు గెంతి పారిపోవు అని చిన్నప్పుడు పిచ్చుక నవ్వేది.

ఇప్పుడు తన గొంతు ఎగిరెగిరి పడుతోంది. ఆమెకి తెలుస్తోంది. వెలుగులోంచి కళ్ళు తిప్పుకోలేకపోతోంది. అది భయంలా కూడా లేదు. ఏదీ గుర్తురానంత హాయిగా ఉంది. అదే అన్నిటికంటే భయంకరం, అని తర్వాత ఎప్పుడో అనుకుంది.

వెనక నీళ్ళు మెల్లగా పైకి లేచిన చప్పుడు.

ఆ ఇనుము వాసన.

నడుము చుట్టూ చల్లగా... తడిగా... వేళ్ళలాంటివి ఒక్కొక్కటిగా చుట్టుకుంటున్నాయి. నొక్కడం లేదు. జాగ్రత్తగా పట్టుకుంటోంది. నలిగిపోకూడదని...

అప్పుడు మామయ్య అరిచాడు.

అది పిలుపు కాదు. పాము నోట చిక్కిన కప్ప అరిచే అరుపు. పసిపిల్ల ఏడుపులా సన్నగా మొదలై, చివర తెగిపోతుంది. ఆ అరుపు వింటే మడుగులో కప్పలన్నీ ఒక్క దెబ్బకి మునిగిపోతాయి. ఇక ఆ రాత్రికి ఒక్కటీ పైకి రాదు. అందుకే పట్టడానికి వెళ్ళినవాళ్ళు ఎవరూ ఆ అరుపు అరవరు. మామయ్య జీవితంలో మొదటిసారి అరిచాడు, గుండెలు పగిలేలా.

వెలుగు ఆరిపోయింది. నడుము చుట్టూ ఉన్నది జారిపోయింది. పిచ్చుక ముందుకు తూలి రాతి మీద పడింది. మోకాలు చీరుకుపోయింది.

"పారిపో! వెనక్కి చూడకు! పో..."

పరుగెత్తింది. రాళ్ళ మీద జారుతూ, లేస్తూ, కొమ్మలు ముఖానికి కొట్టుకుంటూ. తల లైటు ఎక్కడో పడిపోయింది. వెనక మామయ్య మళ్ళీ అరిచాడు. మళ్ళీ. ఆయన తన వెనకే వస్తున్నాడనుకుంది. కానీ అరుపు దూరమవుతోంది. ఆయన ఎగువకి పరుగెడుతున్నాడు. దాన్ని తన వైపు తిప్పుకుంటూ, లోపలికి, ఇంకా లోపలికి.

రెండో మడుగు దగ్గర ఆగి, "మామయ్యా!" అని అరిచింది.

ఎగువ నుంచి ఆ అరుపు వచ్చింది. పసిపిల్ల ఏడుపు, చివర తెగినట్టు.

వెంటనే, దిగువ నుంచి కూడా వచ్చింది. అచ్చం అదే. అదే గొంతు. చివర అదే స్స్...

రెండూ ఒకదానికొకటి జవాబిచ్చుకున్నట్టు మూడుసార్లు అరిచాయి. తర్వాత ఎగువది ఆగిపోయింది.

పిచ్చుక గట్టెక్కి, దారి వదిలేసి, ముళ్ళపొదల్లోంచి అడ్డంగా పడి ఇంటికి చేరింది. అప్పటికి ఏడు కూడా కాలేదు. పక్కింటి రేడియోలో ఇంకా వార్తలు వస్తున్నాయి. అత్తయ్య గుమ్మంలో నిలబడే ఉంది. ఒక్కతే వచ్చిన మేనకోడల్ని లోపలికి లాగి తలుపు గడియ పెట్టింది. తర్వాత ఆ తలుపుకే ఆనుకుని కింద కూర్చుండిపోయింది.

ఊరివాళ్ళు తాళ్ళూ లైట్లూ పట్టుకుని వాగు పొడుగునా వెతికారు. మర్నాటి కుండపోతకి వాగు గట్లు తెంచుకుంది. వరద తగ్గాక మళ్ళీ వెతికారు. నాలుగో మడుగు పైన ఎండిన రాతి మీద మామయ్య టార్చిలైటు దొరికింది. నిటారుగా, ఎవరో బల్ల మీద పెట్టినంత జాగ్రత్తగా నిలబెట్టి ఉంది. వెలుగుతూనే ఉంది. ఇంకేమీ దొరకలేదు. కాలు జారి కొట్టుకుపోయాడని రాసుకుని వెళ్ళారు పోలీసులు.

పట్నం నుంచి ఆఫీసరే స్వయంగా వచ్చాడు. నాలుగు ఓదార్పు మాటలు చెప్పి, కాస్త మొహమాటపడుతూనే రికార్డింగు అడిగాడు. పిచ్చుక ఇచ్చింది. వరండాలో నిలబడి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విన్నాడు. ఆయన ముఖం చిన్నపిల్లాడి ముఖంలా వెలిగిపోయింది.

"ఉందమ్మా! గంటకప్ప ఉంది! లేదనుకున్న జాతి!"

"సార్, అది కప్ప కాదు."

"మరేంటి?"

పిచ్చుక నోరు తెరిచింది. మా మామయ్య పన్ను, అనబోయింది. వాగు ఆయన దగ్గర పిలవడం నేర్చుకుంది సార్, నాలుగేళ్ళు ఆయన కూర్చుని పిలుస్తుంటే ఏదో అడుగున కూర్చుని విన్నది, అనబోయింది. ఆఫీసరు జాలిగా చూస్తున్నాడు. ఆమె నోరు మూసుకుంది.

వారంలోనే ఉత్తర్వు వచ్చింది. ఆమె కోరుకున్నట్టే వచ్చింది, ఒక్క మాట తేడా లేకుండా. సంచులతో వచ్చేవాళ్ళకి వాగు మూసేశారు. వ్యాను కనిపిస్తే జప్తు చేస్తారు. ఊరివాళ్ళు వంట మటుకు, గుడ్లున్నవాటినీ చిన్నవాటినీ వదిలేసి, సగం బుట్ట పట్టుకోవచ్చు. ఆ కాగితం పట్టుకుని పిచ్చుక వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ హక్కు వాడుకోవడానికి ఊళ్ళో ఒక్కరూ వాగు వైపు వెళ్ళడం లేదు. పొద్దువాలితే కిటికీలు కూడా వేసుకుంటున్నారు.

మర్నాడు పిచ్చుక పట్నం వెళ్ళిపోవాలి. అత్తయ్యని తనతో రమ్మని వారం రోజులుగా బతిమాలుతోంది. అత్తయ్య రానూ అనలేదు, వస్తాననీ అనలేదు. ఆ సాయంత్రం మాత్రం, "కాళ్ళు వాచిపోయాయి చూడు, ఒక్కచోట కూర్చోవేం" అని మందలించి, తపేలాలో నీళ్ళు కాచి తెచ్చి ముందు పెట్టింది. పిచ్చుక మేజోళ్ళు తీసి, కాలు నీళ్ళలో పెట్టబోయి ఆగింది.

ఎడమ పాదం. రెండో వేలు. కొసన గోరుతో సహా రవ్వంత ముక్క లేదు.

తెగినట్టు లేదు. రక్తం లేదు, నొప్పి లేదు. నున్నగా, తిన్నగా, ఎప్పుడో మానిపోయినట్టు చర్మం మూసుకుని ఉంది. పొద్దున స్నానం చేసినప్పుడు వేలు బాగానే ఉంది. మధ్యాహ్నం కాసేపు కునుకు తీసింది, అంతే.

ఆ కోత ఆమెకి బాగా తెలుసు. తన చేత్తో కొన్ని వందలసార్లు కోసింది. లెక్క కోసం కప్పని పట్టుకుని, కొలిచి, బరువు చూసి, వదిలేసే ముందు చిన్న కత్తెరతో ఒక వేలి కొస తీస్తారు. మళ్ళీ ఎప్పుడైనా దొరికితే, ఇది మనం వదిలిందే అని గుర్తుపట్టడానికి. ఏది ఏదో కలిసిపోకుండా ఒక్కో కప్పకి ఒక్కో వేలు.

నీళ్ళ మీద ఆవిరి లేస్తోంది. పిచ్చుక పాదం పట్టుకుని అలాగే కూర్చుంది.

ఆమె పాదం పట్టుకున్న తీరు అత్తయ్య చూసింది. ఆశ్చర్యపోలేదు. మెల్లగా అడిగింది.

"నీకు ఏ వేలమ్మా?"

పిచ్చుక తలెత్తింది. అత్తయ్య తన కాలి చెప్పు విడిచి, పాదాన్ని తపేలా పక్కన పెట్టింది. నాలుగో వేలు. అంతే నున్నగా, అంతే తిన్నగా.

"అత్తయ్యా... నువ్వెప్పుడు వెళ్ళావు వాగుకి?"

"నేను వాగుకెళ్ళి పన్నెండేళ్ళైంది" అంది అత్తయ్య. "పోయిన వానల్లో ఒకరోజు నిద్ర లేచేసరికి ఇలా ఉంది."